మెట్రిక్యులేషను తప్పిన శాస్త్రజ్ఞుడు

గోదావరి డెల్టాలోని పల్లెలయందును పట్టణములయందును రాత్రి తొమ్మిది పది గంటలవేళ, జనులు భోజనములు ముగించి పండుకొనబోవు సమయమున, ఆరోగ్యశాఖ ఉద్యోగులు ఇంటింటికిని వచ్చి తలుపు తట్టుట కలదు. వారి చేతులలో సూదులు, గాజుపలకలు, దూది, ఒక దీపము ఉండును. ఇంటివారి వ్రేలికొనను మెల్లగా గ్రుచ్చి, రెండు మూడు చుక్కల నెత్తురు గాజుపలకపై తీసికొని, పలకపై అంకె వ్రాసి, ప్రక్క యింటికి పోవుదురు. పగలు రాక నిద్రవేళ వచ్చి వ్రేలు గ్రుచ్చుట యేమని ముసలివారు విసుగుకొనుటయు కలదు.

వారు రాత్రి వచ్చుటకు కారణమున్నది. వారు వెదకునది బోదకాలు కలిగించు క్రిమిని. పెరిగిన క్రిములు మనుష్యుని శరీరములో శోషరసము ప్రవహించు సన్నని నాళములలో కాపురముండును. వాని పిల్లలు వేలకొలదిగా నెత్తురులో సంచరించును. పగటివేళ అవి ఊపిరితిత్తులలోని రక్తనాళములలో దాగియుండి, రాత్రి పొద్దుపోయిన పిమ్మట చర్మమునకు దగ్గరనున్న నాళములలోనికి వచ్చును. మురుగుగుంటలలో పుట్టి పెరుగు క్యూలెక్సు దోమ మనుష్యులను కుట్టునదియు ఆ వేళనే. దోమ కుట్టుకాలమునకును క్రిమి పైకి వచ్చుకాలమునకును అంత చక్కగా పొత్తు కుదిరినది. 1877లో చీనాదేశమున పనిచేయుచుండిన ప్యాట్రిక్ మాన్సను అను వైద్యుడు ఈ క్రిమి దోమ శరీరములో ప్రవేశించి పెరుగుటను చూచెను. అంతకుముందు బోదకాలు నీటిదోషమని కొందఱును, పూర్వజన్మపాపమని కొందఱును అనుకొనుచుండిరి. పారు కాలువ నీరు దీనికి కారణము కాదు; ఇంటి వెనుక నిలిచియుండు మురుగునీరు కారణము.

నెత్తురులో ఈ క్రిమిపిల్లలు కనబడినవారికి ఇచ్చు మాత్రలో డైయిథైల్ కార్బమజైను అను మందున్నది. పేరు దీర్ఘమగుటచే దానిని డి.ఇ.సి. అని పిలుతురు. ఈ మందు బోదకాలు క్రిమిని చంపునని 1947లో లోకమునకు తెలిసినది. దానిని కనుగొన్నది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో. ఆ కాలమున ఆ ప్రయోగశాలలలోని పరిశోధనలకు అధిపతిగా నుండినవాడు ఈ డెల్టావాడే. ఆయన భీమవరములో పుట్టి, రాజమహేంద్రవరములో చదివి, మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పిన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచేత ఆయన ఉద్యోగము ముందుగనే విడువవలసి వచ్చెను. ఇంటిలో సంతానము ఎక్కువ, రాబడి తక్కువ. తల్లి వెంకమ్మ గట్టి మనసు గలది. పిల్లలు చదువుకొని పైకి రావలయునని ఆమె పట్టుదల. సుబ్బారావునకు మాత్రము చిన్నతనమున చదువుపై అంత మనసు లేదు. పదమూడేండ్ల ప్రాయమున అతడు కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలయునని ఇల్లు విడిచి పోయెను. తల్లి వెదకించి వెనుకకు తెప్పించి, మరల బడిలో కూర్చుండబెట్టెను. అరటిపండ్ల వర్తకము సాగియుండినచో ఏమి జరిగియుండెడిదో చెప్పలేము. బడిలో మాత్రము వెంటనే అద్భుతమేమియు జరుగలేదు. అతడు మెట్రిక్యులేషను పరీక్ష ఒకమారు తప్పెను, రెండవమారును తప్పెను.

ఈ రోజులలో ఒక పరీక్ష తప్పిన విద్యార్థి కొలది వారములలో మరల వ్రాయవచ్చును. ఆ కాలమున అట్లు కాదు. మెట్రిక్యులేషను దాటనివానికి కళాశాల లేదు, మంచి ఉద్యోగమును లేదు. ఒక్కొక్క ప్రయత్నమునకు ఒక సంవత్సరము పట్టును, ఆ సంవత్సరమునకు తగిన సొమ్ము కావలయును. రెండుమారులు తప్పిన కుమారుని మూడవమారు చదివించుటకు వెంకమ్మ తన నగలు అమ్మి, అతనిని మద్రాసు పంపెను. అక్కడ తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి అతడు మూడవ ప్రయత్నమున ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివెను. ఆ దినములలో అతనికి ఇష్టమైనది గణితము. వైద్యము అతని తలంపులో లేదు. సన్యసించి రామకృష్ణ మఠములో చేరవలయునని ఆశించెననియు, తల్లి అందుల కంగీకరింపకపోగా, సేవ చేయగోరినచో వైద్యము నేర్చుకొమ్మని మఠమువారే హితవు చెప్పిరనియు ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అతడు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను.

వైద్యవిద్యలో అతని ముందు నిలిచిన ప్రశ్న గ్రంథములోనుండి వచ్చినది కాదు. అది ఇంటిలోనుండి వచ్చినది. సుబ్బారావు సోదరులు ఇద్దఱు సంగ్రహణి వ్యాధితో కొలది దినముల వ్యవధిలో మరణించిరి. ఆంగ్లవైద్యులు ఈ వ్యాధిని స్ప్రూ అందురు. రోగికి నోరు పుండుపడును. తిన్న యన్నము ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. కన్నులు, పెదవులు తెల్లబడి, రోగి అన్నము ముందుంచుకొనియే ఆకలితో కృశించును. సుబ్బారావునకును ఆ వ్యాధి సోకెననియు, ఆయుర్వేదవైద్యుడైన డాక్టరు ఆచంట లక్ష్మీపతి చికిత్సవలన కోలుకొనెననియు చెప్పుదురు. తిన్న యన్నము ఒంటబట్టకపోవుటకు కారణమేమి? అన్నములో లేనిదేమి, లేక ప్రేవులలో చెడినదేమి? ఆనాటి వైద్యకళాశాలలో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు లేరు. ఏలయనగా ఆ సమాధానము అప్పటికి ఎచ్చటను లేదు.

కళాశాలలో మరియొక చిక్కు వచ్చినది. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కిట్టలేదు. 1921లో చదువు ముగిసినప్పుడు అతనికి పూర్తిపట్టమైన ఎం.బి.బి.ఎస్. లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడుగా చేరెను. అక్కడ నుండగా అమెరికా పోయి పరిశోధన చేయవలయునను కోరిక అతనికి కలిగెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ధనసహాయము చేసెను. మామగారును తోడ్పడిరి. 1919లో పెండ్లియాడిన భార్య శేషగిరిని పుట్టినింట విడిచి, కొలది సంవత్సరములలో తిరిగివత్తునని చెప్పి, అతడు ఓడ యెక్కెను. తిరిగివచ్చుట మాత్రము జరుగలేదు. ఈ పరిశోధనల వెల లెక్కించువారు ఆమె నిరీక్షణమును కూడ లెక్కలో చేర్చవలయును.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశవ్యాధులు బోధించు పాఠశాలలో సుబ్బారావు చేరెను. చేతిలో సొమ్ము చాలదు. వైద్యపట్టము గలవాడైనను ఆ దేశమున వైద్యము చేయుటకు అనుమతి లేదు. కాబట్టి రాత్రులు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని చేసి, పగలు చదువుకొనెను. పిదప జీవరసాయనశాస్త్రములో సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద పనికి కుదిరెను.

ఆయన చేసిన తొలి గొప్ప పని ఒక రంగును కొలుచుట. ఇది వినుటకు అల్పముగా తోచును. కాని తరువాతి పనులకు మూలము ఇదియే కావున, దీనిని కొంత నిదానముగా చూడవలయును.

మన ఎముకలలోను, నెత్తురులోను, కండరములలోను భాస్వరము కలదు. కొన్ని వ్యాధులలో నెత్తురులోని భాస్వరము పెరుగును, కొన్నింటిలో తగ్గును. ఎంత పెరిగినది, ఎంత తగ్గినది అని తెలిసికొనుట యెట్లు? తక్కెడలో తూచుటకు వీలుకానంత కొంచెము అది. రసాయనజ్ఞులు ఒక ఉపాయము నెఱిగియుండిరి. భాస్వరముగల ద్రవములో మాలిబ్డినము అను లోహముయొక్క ఆమ్లమును చేర్చి, దానిపై మరియొక పదార్థముచే పని చేయించినచో ద్రవము నీలివర్ణము పొందును. భాస్వరము ఎక్కువైనచో నీలము చిక్కనగును, తక్కువైనచో పలుచనగును. ఎంత భాస్వరమున్నదో ముందుగనే తెలిసిన ద్రవమును ఒక ప్రక్కను, తెలియనిదానిని రెండవ ప్రక్కను ఉంచి, రెండు నీలములను పోల్చి చూచినచో లెక్క తేలును. ఉపాయము మంచిదే కాని, నాటి పద్ధతులలో నీలము వచ్చుట ఆలస్యము. వచ్చినను నిలుకడ లేదు. నెత్తురులోని ఇతర పదార్థములు దానిని చెడగొట్టుచుండెను. ఫిస్కేయు సుబ్బారావును రంగు పుట్టించు పదార్థమును మార్చి, పాళ్లు సరిచూచి, పరీక్షమీద పరీక్ష చేసి, కొలది నెత్తురుతో కొలది నిమిషములలో సరియైన లెక్క వచ్చు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నేటికిని జీవరసాయన గ్రంథములలో దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యనియే వ్రాయుదురు. వైద్యకళాశాలలలోని విద్యార్థులు తరతరములుగా ఆ నీలమును చూచి లెక్క వేసిరి.

ఇక ఆ పద్ధతితో కండరములోని భాస్వరమును కొలువబోయినప్పుడు ఒక చిత్రము జరిగినది. నెత్తురుతో పరీక్షించునప్పుడు నీలము వెంటనే వచ్చి నిలిచెడిది. కండరపు రసముతో పరీక్షించునప్పుడు అట్లు నిలువక, చూచుచుండగనే కొంతసేపటివరకు క్రమక్రమముగా చిక్కబడుచుండెను. తొందరగల పనివాడైనచో పరీక్ష చెడినదని ద్రవమును పారబోసి మరల మొదలుపెట్టెడివాడు. వీరు పారబోయలేదు. నీలము పెరుగుచున్నదనగా, ఎక్కడినుండియో భాస్వరము కొంచెము కొంచెముగా విడివడి వచ్చుచున్నదని వారు గ్రహించిరి. కండరములో భాస్వరము దేనితోనో కట్టువడియున్నది. ఆ కట్టు మిక్కిలి బలహీనమైనది. పరీక్షలోని ఆమ్లము తగులగనే అది విడిపోవుచున్నది. ఆ రెండవ పదార్థమేదని వెదకగా అది క్రియాటిన్ అని తేలెను. 1927లో వారు ఈ సంయోగమును ఫాస్ఫోక్రియాటిన్ అను పేర ప్రకటించిరి. ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టను దంపతులు కూడ ఈ బలహీనమైన భాస్వరపదార్థమును గుర్తించిరి.

కండరమును విద్యుత్తుచే పనిచేయించినప్పుడు ఈ పదార్థము తగ్గిపోవుటయు, విశ్రాంతి యిచ్చినప్పుడు మరల కూడుటయు వారు చూచిరి. అంతవరకు కండరము పనిచేయుటకు మూలము లాక్టికామ్లమని పెద్దలు నమ్మియుండిరి. ఆ దిశలో చేసిన కృషికి 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము కూడ లభించియుండెను. ఆ నమ్మకము ఇప్పుడు కదలిపోయెను. 1929లో ఫిస్కేయు సుబ్బారావును కండరమునుండి అడినొసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక భాస్వరసంయోగమును వేరుచేసిరి. జర్మనీలో కార్లు లోమాను అను శాస్త్రజ్ఞుడును ఆ యేడే దానిని కనుగొనెను. దానినే నేడు ఏ.టి.పి. అని పాఠ్యపుస్తకములలో చదువుచున్నారు. డెల్టా రైతు ఇంట ధాన్యము గాదెలో నుండును; వంటకు చాలినంత బియ్యము మాత్రము వంటయింటి డబ్బాలో నుండును. పొయ్యిమీదికి పోవునది డబ్బాలోని బియ్యమే. తిన్న యన్నములోని శక్తి గాదెలోని ధాన్యము వంటిదైనచో, ఏ.టి.పి. డబ్బాలోని బియ్యము వంటిది. చేయి కదలినను, గుండె కొట్టుకొనినను, కన్ను చూచినను ఖర్చగునది అదియే. డబ్బా నిండుకొనబోవునప్పుడు ప్రక్కయింటనుండి తెచ్చు చేబదులు వంటిది ఫాస్ఫోక్రియాటిన్.

1930లో సుబ్బారావునకు పిహెచ్.డి. పట్టము లభించెను. ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి మాత్రము ఆయనకు రాలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివరు అను ఊరికి పోయి, లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలములోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యెను. అప్పటికి ఆయన మనసు చాలకాలమునుండి ఒక క్రొత్త దారిలో నడచుచుండెను. ఆ దారి పాత ప్రశ్నవైపునకే.

1926లో బోస్టను వైద్యులు మైనటు, మర్ఫీ అనువారు, ప్రాణాంతకమైన ఒకవిధపు పాండురోగము పశువుల కార్జము తినిపించుటచే కుదురుచున్నదని చూపిరి. కార్జములో ఏదియో యొక పదార్థమున్నది. అది యేది? సుబ్బారావు హార్వర్డులో నుండగనే దానిని వెదకసాగెను. అంతలో మన దేశమునుండియు ఒక వార్త వెలువడెను. లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన స్త్రీల పాండురోగమును పరిశీలించి, అది ఈస్టు అను మధుశిలీంధ్రపు సారముచే కుదురుచున్నదని 1931లో ప్రకటించెను. వేరొకచోట కోడిపిల్లలకు రక్తహీనత కలిగించి వాని మేతలో లోపించినదేమని వెదకువారుండిరి. మరియొకచోట పాలను పులియబెట్టు సూక్ష్మజీవి యేది లేక పెరుగుటలేదని వెదకువారుండిరి. 1941లో టెక్సాసులోని శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి కొద్దిపాటి సారము తీసి, దానికి ఫోలికామ్లమని పేరు పెట్టిరి. లాటినులో ఫోలియం అనగా ఆకు. ఇందఱు వెదకునది ఒక్కటే యని మొదట ఎవ్వరికిని తెలియదు.

కార్జములో కోటానుకోట్ల పదార్థాణువులుండగా కావలసినదానిని పట్టుకొనుట యెట్లు? ఇక్కడ మరల కొలత అక్కఱకు వచ్చెను. రైతు నారుమడి పచ్చదనము చూచి మట్టిలోని బలము చెప్పగలడు. అట్లే లెడర్లీ శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ కేసీ అను సూక్ష్మజీవిని నారుగా వాడుకొనిరి. కార్జపు సారమును పాలుపాలుగా విడదీసి, ఒక్కొక్క పాలును ఆ సూక్ష్మజీవికి పెట్టి, ఏ పాలులో అది చక్కగా పెరుగునో దానిని ఉంచుకొని తక్కినవానిని పారవేయుదురు. ఉంచుకొన్నదానిని మరల విడదీయుదురు. నెలలు, సంవత్సరములు ఇదే పని. చివరకు స్వచ్ఛమైన పదార్థము లభించెను. తరువాత అది ఏ యే ముక్కలచే కూడినదో తెలిసికొని, 1945లో కార్జముతో పనిలేకుండ రసాయనములనుండియే దానిని తయారుచేసిరి. ఆ ప్రకటనపై పదునారుగురి పేర్లున్నవి. సుబ్బారావు ఒక్కడే గదిలో కూర్చుండి కనుగొన్నాడనుట ఆయనకు మర్యాద కాదు. అందఱి పనిని ఒక దారిలో నడపినవాడాయన.

క్రొత్త కణములు పుట్టుటకు ఫోలికామ్లము కావలయును. శరీరములో ఎడతెగక క్రొత్త కణములు పుట్టుచోట్లు ముఖ్యముగా రెండు: నెత్తురు తయారగు ఎముకల మూలుగ, అన్నసారమును పీల్చుకొను ప్రేవుల లోపలి పొర. ఆ పొర కొలది దినములకే రాలి క్రొత్తది పుట్టుచుండును. సంగ్రహణిలో ఆ పొర చెడును. చెడిన పొర ఫోలికామ్లమును పీల్చుకొనలేదు. అది లేనిదే పొర బాగుపడదు. పొర బాగుపడనిదే అది లోపలికి పోదు. ఈ సుడిలో చిక్కిన రోగి ఎంత తిన్నను కృశించిపోవును. అమెరికా వైద్యుడు టామ్ స్పైసు క్రొత్తగా తయారైన ఫోలికామ్లమును సంగ్రహణి రోగులకు ఇచ్చి చూచెను. రోగుల నాలుకలు మానెను, నెత్తురు వృద్ధియయ్యెను, అన్నము ఒంటబట్టెను. సోదరుల మరణమునాటి ప్రశ్నకు ఇరువదియేండ్లు దాటిన పిదప లభించిన సమాధానమిది. చిత్రమేమనగా సుబ్బారావు మొదట కార్జములో వెదకినది దీనిని కాదు. బోస్టను వైద్యులు చూపిన పాండురోగమును కుదుర్చు పదార్థము వేరు. దానిని 1948లో ఇతరులు వేరుచేసిరి. నేడు దానికి బి12 విటమిను అని పేరు. ఆ రోగమునకు ఫోలికామ్లము పూర్తి చికిత్స కాదు. నెత్తురు బాగుపడినను నరములు చెడుచునే యుండును.

బడిపిల్లలకు వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలికామ్లమే. (ఆ నీలమునకును ఫిస్కే–సుబ్బారావు నీలమునకును సంబంధము లేదు, అది మాత్రపై పూత.) తోటకూర, పాలకూర, పప్పుధాన్యములలో ఫోలికామ్లజాతి పదార్థము సహజముగనే కలదు. కాని ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోసినచో చాలవరకు పోవును.

మంచి చేయు పదార్థమునకు దొంగరూపము తయారుచేయుట కూడ ఒకప్పుడు మేలు చేయును. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు నెత్తురు పుట్టకురుపుతో బాధపడు పిల్లలను చూచుచుండెను. ఆ వ్యాధిలో తెల్లకణములు అదుపు తప్పి పెరుగును. ఆనాడు దానికి చికిత్స లేదు. పిల్లలు వారములలోనో నెలలలోనో మరణించెడివారు. ఫోలికామ్లమునకు సంబంధించిన మందులిచ్చినప్పుడు వ్యాధి తగ్గుటకు మారు పెరుగుచున్నట్లు ఫార్బరునకు తోచెను. ఇచ్చినచో పెరుగునది, అడ్డగించినచో తగ్గవలయును గదా! లెడర్లీలో ఫోలికామ్లమును పోలియు ఫోలికామ్లము కాని పదార్థములు తయారగుచుండెను. అవి తాళములో దూరియు తిరుగని తాళపుచెవుల వంటివి. అవి అడ్డముండగా అసలు తాళపుచెవి దూరదు. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని పదునారుగురు పిల్లలకు ఇయ్యగా, పదిమందికి వ్యాధి తగ్గుముఖము పట్టినదని ఫార్బరు 1948లో ప్రకటించెను. అది శాశ్వతమైన గుణము కాదు. వ్యాధి మరల వచ్చెను. అయినను మందుతో ఈ వ్యాధిని వెనుకకు త్రోయవచ్చునని తెలిసినది అప్పుడే. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేటును నేటికిని ఇతర మందులతో కలిపి ఇచ్చుచున్నారు. మంచి వైద్యసదుపాయములున్న దేశములలో ఈ వ్యాధిగల పిల్లలలో అధికసంఖ్యాకులు నేడు పూర్తిగా కోలుకొనుచున్నారు.

ఇక బోదకాలు మందు సంగతి. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులకు ఈ క్రిమి సోకెను. అందువలన అక్కడ దానిపై శ్రద్ధ హెచ్చెను. గోదావరి తీరపు పల్లెలకొఱకు ఆ మందు వెదకబడినదని చెప్పుట అందముగా నుండును గాని, అది నిజము కాదు. పత్తి ఎలుకలు అను ఒకజాతి ఎలుకలలో బోదకాలు క్రిమికి జ్ఞాతియైన క్రిమి కలదు. లెడర్లీలో హ్యూయిటు మున్నగువారు ఎన్నో పదార్థములను ఆ ఎలుకలకిచ్చి, వాని నెత్తురు పరీక్షించి, క్రిమిపిల్లలు తగ్గినవా లేవా అని లెక్కించిరి. ఒక పదార్థమిచ్చినప్పుడు అవి త్వరగా మాయమయ్యెను. దానికి హెట్రజాన్ అని పేరు పెట్టిరి, అదియే డి.ఇ.సి. 1947లో పోర్టోరికో దీవిలోని రోగులకు ఇచ్చి చూచి, మనుష్యులకును పనిచేయునని నిశ్చయించిరి. ఆ ప్రయోగశాలలనుండియే 1948లో ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకమును వెలువడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది, దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు మరణించెను. అప్పటికాయనకు ఏబదిమూడేండ్లు.

మన దేశమున జాతీయ బోదవ్యాధి నివారణ పథకము 1955లో మొదలయ్యెను. 2004నుండి వ్యాధిగల జిల్లాలలో సంవత్సరమునకొకమారు అందఱికిని డి.ఇ.సి. మాత్రలిచ్చు పద్ధతి వచ్చెను. పిమ్మట ఇతర మందులను కూడ చేర్చిరి. రెండేండ్లలోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగులకును ఇయ్యరు. తక్కినవారు భోజనము చేసి, ఉద్యోగి యెదుటనే మ్రింగవలయును. ఎదుటనే యని యేల? మ్రింగిన పిమ్మట కొందఱికి జ్వరము, తలనొప్పి కలుగును. అది చూచి ప్రక్కవారు మాత్రలను తీసికొని గూటిలో పెట్టి మఱచిపోవుదురు. నిజమునకు ఆ జ్వరము చాలవరకు క్రిములు చచ్చుటవలన కలుగునది. నెత్తురులో క్రిములు లేనివారికి సాధారణముగా రాదు. ఈ మందు క్రిమిపిల్లలను చంపినంత సులభముగా పెద్ద క్రిములను చంపలేదు. పెద్దవి ఏండ్లకొలది బ్రతికి మరల పిల్లలను పెట్టును. అందుచేత ఒక్కయేడు మ్రింగి ఊరకున్నచో చాలదు, వరుసగా ఏటేట మ్రింగవలయును. ఒకసారి బాగుగ వాచి గట్టిపడిన కాలు ఈ మాత్రవలన మునుపటివలె కాదు. దానిని దినదినము సబ్బుతో కడిగి, తుడిచి, పుండు పడకుండ చూచుకొనవలయును. చీనాదేశమువారు ఈ మందును ఉప్పులో కలిపి జనులచే తినిపించిరి. 2007 నాటికి అక్కడ ఈ వ్యాధి ప్రజారోగ్యసమస్యగా అంతరించెను.

రాత్రి తీసికొన్న గాజుపలకలను ఆరబెట్టి, మరునాడు రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూతురు. క్రిమిపిల్ల యుండినచో సన్నని దారపుపోగువలె వంపు తిరిగి కనబడును. దొరికినవానిని లెక్కించి పుస్తకములో ఎక్కింతురు. పలకనంతయు ఈ చివరనుండి ఆ చివరవరకు వెదకినను ఏమియు కనబడనిచో, ఆ ఇంటివాని అంకె కెదురుగా సున్న వ్రాసి, మరియొక పలకను తీసికొందురు.